ముఖానికీ చుక్కలుంటాయి!

ధనుర్మాసం వచ్చిందంటే మా వీధిలో ముగ్గు పెట్టడానికి నన్నే పిలుస్తారు. ఇరవై ఒక్క చుక్కల ముగ్గయినా సరే, పుస్తకం చూడకుండా వేసేస్తాను. పిల్లల సైన్సు రికార్డుల్లో బొమ్మలు, పక్కింటి అమ్మాయి జాకెట్టు మీదికి నెమలి, పెళ్లింటి గోడ మీద వినాయకుడు... అన్నీ నా చేతి మీదుగా వెళ్లాల్సిందే. "చెయ్యి తిరిగిన పిల్ల" అని చిన్నప్పటి నుంచీ పేరు. ఆ పేరు చూసుకుని మురిసిపోతూ నలభై ఏళ్లు గడిపేశాను. ఒక మనిషి ముఖం వేయమన్నప్పుడు గానీ నాకు రానిదేమిటో తెలిసిరాలేదు.

మాది కీసర. విజయవాడ-హైదరాబాదు రహదారి మీద కంచికచర్లకీ నందిగామకీ మధ్య ఉంటుంది. మున్నేటి వంతెన, టోల్‌గేటు అంటే ఈ దారిన బస్సెక్కిన ప్రతివాళ్లకీ గుర్తొస్తుంది. 2021లో మా ఎదురింటి బాబాయిగారు పోయారు. ఆయనకి ఫొటోలు దిగే అలవాటు లేదు. ఉన్నవల్లా రెండు. ఒకటి ఎవరి పెళ్లిలోనో గుంపులో నిలబడ్డది, రెండోది ఆధార్ కార్డు మీదది. పిన్నిగారు ఆ కార్డు నా చేతిలో పెట్టి, "ఇందులో చూస్తే ఆయనేనా అనిపిస్తోందమ్మాయ్! నువ్వు బొమ్మలేస్తావుగా, మీ బాబాయిది ఒకటి వేసిపెట్టు. సంవత్సరీకానికి గోడకి పెట్టుకుంటాను" అన్నారు.

నాలుగు రాత్రులు కూర్చున్నాను. మీసంలో ఒక్కో వెంట్రుకా విడివిడిగా గీశాను. చొక్కా గుండీకి నీడ కూడా పెట్టాను. ఫ్రేము కట్టించి ఇస్తే పిన్నిగారు రెండు చేతులా అందుకుని చూశారు. "బాగుందమ్మా" అన్నారు.

నెల తిరిగాక కరివేపాకు కోసం వాళ్లింటికి వెళ్లాను. గోడ మీద దండ వేసి ఉన్నది ఆ ఆధార్ కార్డు ఫొటోనే! పెద్దది చేయించి పెట్టుకున్నారు. నేను వేసిన బొమ్మ బీరువా పక్కన గోడవైపు తిరిగి ఉంది. నేను చూశానని ఆవిడ చూశారు. ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. కరివేపాకు తీసుకుని వచ్చేశాను.

ఆ సాయంత్రం మా అత్తయ్యతో చెబితే ఆవిడ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "నేను ఆరోజే అందామనుకున్నాను. ఆ బొమ్మలో ఉన్నాయన ఎవరో పెద్దమనిషే. కాకపోతే మన ఎదురింటాయన మాత్రం కాదు" అన్నారు. అంతటితో ఊరుకోలేదు. "అయినా నీ బొమ్మల్లో అందరూ ఒక్క తల్లి పిల్లల్లాగే ఉంటారేంటే?"

పాత పుస్తకాలన్నీ ముందేసుకుని చూసుకున్నాను. నిజమే! ఆడవాళ్లందరికీ చెవుల దాకా సాగిన కళ్లు, మగవాళ్లందరికీ ఒకటే కోటేరు ముక్కు. కళ్లేమో బాపుగారి దగ్గర అరువు తెచ్చుకున్నవి, నడుములేమో వడ్డాది పాపయ్యగారి దగ్గర. వాళ్లు ఎందరినో చూసి, చూసి, ఆ తర్వాత తమదైన గీత తెచ్చుకున్నారు. నేను మనుషుల్ని చూడకుండా వాళ్ల గీతనే చూశాను. నాకు 'కన్ను' అనే ముగ్గు వచ్చు. ఒక మనిషి కన్ను వేయడం రాదు. అదీ సంగతి.

చుక్కలు లేకుండా ముగ్గేస్తారా?

నందిగామలో ఒక రిటైరైన డ్రాయింగు మాస్టారు ఆదివారాలు పిల్లలకి నేర్పుతారని తెలిసింది. డ్రాయింగు లోయర్, హయ్యర్ పరీక్షలు రాసే పిల్లలు వస్తారట. 41 ఏళ్ల వయసులో, మా అబ్బాయి పాత స్కూలు సంచి తగిలించుకుని వాళ్ల మధ్య కూర్చోవడానికి సిగ్గుపడ్డాను. సిగ్గుపడుతూనే వెళ్లాను.

మాస్టారు నేను తీసుకెళ్లిన బొమ్మలు రెండు మూడు తిప్పి పక్కన పెట్టేశారు. తను ఎదురుగా కూర్చుని, తన ముఖం వేయమన్నారు. పావుగంట తర్వాత కాగితం తీసుకుని అడిగారు.

"తలలో కళ్లు ఎక్కడుంటాయమ్మా?"

"పైభాగంలోనండీ."

"కొలిచి చూడు."

చెయ్యి చాపి, ఒక కన్ను మూసి, పెన్సిలు మీద బొటనవేలితో కొలిచాను. నడినెత్తి నుంచి గడ్డం దాకా ఒక కొలత. కళ్ల గీత సరిగ్గా సగంలో వచ్చింది! రోజుకి పదిసార్లు అద్దంలో ముఖం చూసుకునేదాన్ని, ఈ సంగతి ఇన్నేళ్లూ గమనించనే లేదు. మనకి ముఖమంటే కళ్లూ ముక్కూ నోరూ. నుదురు, నడినెత్తి మన లెక్కలోకి రావు. అందుకే తల పైభాగం కోసేసినట్టు వేసి, కళ్లని నెత్తికెక్కిస్తాం.

"ముగ్గుకి చుక్కలు పెట్టకుండా వేస్తావా?" అన్నారు మాస్టారు. "లేదండీ" అన్నాను. "మరి ముఖానికి చుక్కలేవమ్మా?"

నాకు అంతకన్నా బాగా ఎవరూ చెప్పలేదు. ఆ చుక్కల లెక్క ఇదీ. ఎదురుగా చూస్తున్న ముఖంలో కళ్లు తలకి సగంలో. కనుబొమల నుంచి గడ్డం దాకా ఉన్న దూరంలో సగాన ముక్కు అడుగు. ముక్కు అడుగు నుంచి గడ్డం దాకా మూడు వంతులు చేస్తే మొదటి వంతు దగ్గర పెదవులు కలిసే గీత. చెవి పైకొస కనుబొమకి, తమ్మె ముక్కు అడుగుకి సమానంగా. తల వెడల్పు అయిదు కళ్లంత. రెండు కళ్ల మధ్య ఇంకో కన్ను పట్టేంత ఖాళీ. అమెరికా చిత్రకారుడు ఆండ్రూ లూమిస్ తల బొమ్మల గురించి 1956లో ఒక పుస్తకం వేశారు. అందులో తలని ముందు ఒక బంతిలా గీసి, పక్కలు కాస్త చెక్కేసి, మధ్య గీతలు చుట్టి, ఆ తర్వాతే కళ్లూ ముక్కూ పెట్టమంటారు. ఇప్పటికీ ఎందరో ఆ పద్ధతిలోనే నేర్చుకుంటున్నారు.

అయితే ఒక మాట. ఈ లెక్క అందరికీ సరిపోయే సగటు లెక్క. ఏ ఒక్కరి ముఖమూ దీనికి అచ్చంగా సరిపోదు. ఎవరి ముఖం ఎక్కడ ఈ చుక్కల నుంచి పక్కకి తప్పుకుందో చూడాలి. పోలిక అక్కడే ఉంటుంది. చుక్కలు లేకపోతే తప్పుకున్నది కూడా కనిపించదు కదా!

రోజుకో తల

ఆ రోజు నుంచి రోజుకో తల వేయాలని నియమం పెట్టుకున్నాను. వేళ, రాత్రి గిన్నెలు కడిగాక. చోటు, టీవీ ఉన్న గది. ఎందుకంటే సీరియల్ చూసేటప్పుడు మా అత్తయ్య కదలరు. అంతకన్నా మంచి మోడల్ నాకు ఏ కళాశాలలో దొరుకుతుంది చెప్పండి? ఖర్చు కూడా పెద్దగా లేదు. ఒక 2బి పెన్సిలు, జిరాక్సు షాపులో పారేసే ఒకవైపు అచ్చయిన కాగితాలు. ఇరవై నిమిషాలు. కింద తేదీ. అంతే.

మొదటి నెల బొమ్మలన్నీ కొత్తగా, వింతగా ఉన్నాయి. రెండో నెలలో ఏడుపొచ్చింది. మునుపటికన్నా అధ్వాన్నంగా వేస్తున్నాననిపించింది. మాస్టారితో అదే చెప్పాను. "కన్ను ముందు నడుస్తుంది, చెయ్యి వెనకాల వస్తుంది. తప్పు ఇదివరకూ ఉంది, ఇప్పుడు నీకు కనపడుతోంది" అన్నారు. నిజంగా కొత్తగా నేర్చుకునేవాళ్లు మానేసేది సరిగ్గా ఈ దగ్గరేననుకుంటాను.

రోజూ అన్నానని నిజంగా రోజూ కుదిరిందనుకునేరు! పిల్లల పరీక్షలు, చుట్టాలు, జ్వరాలు... మనకి తెలియనివా? మొదట్లో ఒకరోజు పోతే మర్నాడు రెండు వేయాలని పంతం పట్టేదాన్ని. రెండూ పాడయ్యేవి. తర్వాత తెలివొచ్చింది. పోయిన రోజు పోయింది. ఇవాళ్టిది ఒకటి వేస్తే చాలు.

తల కాస్త దారికొచ్చాక మనిషి మొత్తాన్ని వేయమన్నారు మాస్టారు. ఇక్కడ ఇంకో చిక్కు. పనిలో ఉన్న మనిషి నిలబడి ఉండరు కదా! అందుకని రెండు నిమిషాల బొమ్మలు. ముఖం, వేళ్లు, చీర అంచు వద్దు. వెన్ను ఎటు వంగింది, బరువు ఏ కాలి మీదుంది, ఆ రెండే పట్టుకోవాలి. మా వైపు మిరప కోతలప్పుడు కల్లాల్లో ఆడవాళ్లు తాలుకాయలు ఏరుతూ కూర్చుంటారు. ఒక మోకాలు పైకి, ఒకటి నేల మీద, నడుం ముందుకి. నాలుగు గీతల్లో ఆ కూర్చోవడం పట్టుకునేసరికి నాకు రెండు మిరప పంటలు పట్టాయి.

2023 జూలై చివర్లో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర రహదారి మీదికి నీళ్లొచ్చాయి. బండ్లు నిలిచిపోయాయి. నందిగామ వెళ్లే దారి లేక ఆ వారం నాకు పాఠం పోయింది. కానీ రోడ్డు పక్కన లారీ నీడన గొంతుక్కూర్చున్న డ్రైవర్లని, సంచి మీద తలపెట్టి పడుకున్న ప్రయాణికుల్ని చూస్తూ మా గేటు దగ్గర నిలబడి వేసిన బొమ్మలే ఆ ఏడాది మొత్తానికి నేను వేసినవాటిల్లో బాగా కుదిరాయి. మాస్టారు వాటిల్లో రెండింటిని అట్టే పెట్టుకున్నారు.

మనుషుల కొలత మన పక్కనే ఉంది

నిలబడ్డ మనిషి ఎత్తు ఆ మనిషి తలకి సుమారు ఏడున్నర రెట్లు. అప్పుడే పుట్టిన పాపాయికి మాత్రం నాలుగు రెట్లే. అందుకే చిన్న తల పెడితే పిల్లల బొమ్మలు మరుగుజ్జు పెద్దవాళ్లలా తయారవుతాయి. మణికట్టు నుంచి నడివేలి కొస దాకా చెయ్యి, గడ్డం నుంచి జుట్టు మొదలయ్యే చోటు దాకా ముఖం దాదాపు ఒకే పొడవు. మీ చెయ్యి మీ ముఖం మీద పెట్టి చూసుకోండి. మనం బొమ్మల్లో చేతులు, పాదాలు ముద్దుగా ఉండాలని మరీ చిన్నవి చేసేస్తాం!

ఇది పరదేశం నుంచి వచ్చిన లెక్కేమీ కాదు. మన శిల్పుల తాళమానం కూడా ఇదే. గడ్డం నుంచి జుట్టు మొదలు దాకా ముఖం ఒక తాళం, అంటే 12 అంగుళాలు. ఈ అంగుళం స్కేలు మీదది కాదు, వేలి లెక్క. నవతాళ మూర్తి అంటే తొమ్మిది తాళాలు, 108 అంగుళాలు. కొలిచే గిన్నె వేరు, కొలిచే పద్ధతి ఒకటే.

ఈ మాట విన్నాక జగ్గయ్యపేట వెళ్లి ధనం బోడు స్తూపం చూసొచ్చాను. 1882లో జేమ్స్ బర్జెస్ అక్కడ తవ్వకాలు జరిపించారు. అక్కడ దొరికిన మాంధాత చక్రవర్తి శిల్పం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. దాని ఫొటో ముందు పెట్టుకుని నేను వారం రోజులు గీశాను. క్రీస్తుకు పూర్వపు శిల్పమంటారు. సన్నగా, పొడుగ్గా ఉన్న రాజు చెయ్యి పైకెత్తితే మబ్బులోంచి నాణేలు కురుస్తుంటాయి. ఎత్తిన ఆ చెయ్యి గీస్తేనే గానీ ఆ శిల్పి మనిషిని ఎంత చూశాడో నాకర్థం కాలేదు. మన మెట్టప్రాంతంలో రెండువేల ఏళ్ల కిందటే ఎవరో మనుషుల్ని ఇంత శ్రద్ధగా చూశారన్నమాట!

ఇక్కడ ఆడవాళ్ల సంగతి ఒకటి చెప్పుకోవాలి. మనిషి బొమ్మ నేర్చుకోవాలంటే మనిషిని ఎదురుగా చూసి గీయాలి. ఆ వీలే చాలాకాలం ఆడవాళ్లకి ఇవ్వలేదు. లండన్‌లో 1768లో రాయల్ అకాడమీ పెట్టినప్పుడు స్థాపకుల్లో ఇద్దరు స్త్రీలున్నారు, ఆంజెలికా కౌఫ్‌మన్, మేరీ మోజర్. కొన్నాళ్లకి సభ్యులు మోడల్ చుట్టూ చేరిన దృశ్యాన్ని జొఫానీ అనే చిత్రకారుడు వేశాడు. ఆ గదిలో ఈ ఇద్దరూ లేరు. గోడకి తగిలించిన పటాల్లో ఉన్నారు! ఆ అకాడమీలో ఆడపిల్లలు విద్యార్థులుగా చేరింది 1860లో. మోడల్‌ని చూసి గీసే తరగతిలోకి, అదీ ఒంటి మీద గుడ్డ కప్పిన మోడల్ ఉన్నప్పుడే, రానిచ్చింది 1893లో. మన రాజమండ్రిలో దామెర్ల రామారావు (1897-1925) ఇంట ఆయన భార్య సత్యవాణి, సోదరి దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ కూడా కుంచె పట్టారు. రాజమండ్రిలో దామెర్ల పేరిట ఉన్న చిత్రశాలకి వెళ్తే రంగుల చిత్రాలతో పాటు ఆయన పెన్సిలు స్కెచ్‌లు కూడా చూడండి. అన్ని గీతలు గీస్తేనే ఆ ఒక్క గీత అంత తేలిగ్గా వచ్చిందని తెలుస్తుంది.

'బాగుంది'తోనే చిక్కు

నలభై ఏళ్లూ నా చెయ్యి ఎందుకు ఎదగలేదో ఇప్పుడు తెలుసు. నా బొమ్మ చూసినవాళ్లు రెండే మాటలనేవారు. "బాగుంది" లేదా "నీకెందుకమ్మా ఇవన్నీ?" మొదటిదానికి పొంగిపోయాను, రెండోదానికి కుంగిపోయాను. మూడో మాట, అంటే "ఇక్కడ తప్పింది, ఇలా చూడు" అన్నది, ఎవరూ అనలేదు. అనాలంటే మన పనిని పనిగా చూడాలి. ఇంట్లో ఆడవాళ్ల కాలక్షేపాన్ని అలా చూసేదెవరు?

ఒకరోజు మాస్టారు నా బొమ్మ మీద ఎర్ర పెన్సిలుతో గీతలు గీశారు. ఎంతో కష్టపడి నీడలు వేసిన బొమ్మ! బస్సులో కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను. ఇంటికొచ్చి ఆ ఎర్ర గీతల ప్రకారం మళ్లీ వేశాను. దవడ సరైన చోట కూర్చుంది. అప్పటి నుంచీ ఎర్ర పెన్సిలంటే భయం పోయింది.

ఇంట్లో అడిగే తీరు కూడా మార్చుకున్నాను. "ఎలా ఉంది?" అంటే మావారు ఫోన్లోంచి తలెత్తకుండానే "బానే ఉంది" అంటారు. అదే "ఇందులో తేడాగా ఉన్నది ఒక్కటి చెప్పండి" అంటే ఆగి చూస్తారు. "మెడ కాస్త పొడుగైందేమో" అంటారు. బొమ్మ రాకపోయినా ఫరవాలేదు, మనిషి ముఖం తెలిసిన ప్రతివాళ్లూ తేడా చెప్పగలరు. అత్తయ్యనయితే అడగక్కర్లేదు. "నా ముక్కు ఇంత తిన్నగా ఎప్పుడుందే? చిన్నప్పుడు తాడిమొద్దు మీంచి పడ్డాను" అంటూ వేలితో చూపిస్తారు. అయిదారు వందల బొమ్మల తర్వాత గానీ ఆ వంకర నాకు పట్టుబడలేదు.

మీరూ మొదలుపెట్టాలనుకుంటే...

* వేళ, చోటు ముందే నిర్ణయించుకోండి. తీరిక దొరికినప్పుడు అనుకుంటే మనకి తీరిక దొరకదు.

* మొదటి బొమ్మ పారేయకండి. తేదీ వేసి దాచండి. మూడు నెలల తర్వాత అదే మీకు ధైర్యం చెబుతుంది.

* కంటిరెప్పల దగ్గర మొదలుపెట్టకండి. తల మొత్తం, దాని వాలు, ఆ తర్వాత చుక్కలు, చివరికి కళ్లు.

* వేసినదాన్ని అద్దంలో చూడండి. వంకరలు ఇట్టే బయటపడతాయి. ఫోన్లో ఫొటో తీసి అసలు మనిషి ఫొటో పక్కన పెట్టి చూసినా సరే.

* ఫొటో చూసి వేసేటప్పుడు ఒకసారి దాన్ని తలకిందులుగా పెట్టి గీయండి. బెట్టీ ఎడ్వర్డ్స్ అనే అమెరికా ఉపాధ్యాయురాలు 1979 నాటి తన పుస్తకంలో చెప్పిన అభ్యాసం ఇది. తలకిందులుగా ఉంటే 'ఇది కన్ను, ఇది ముక్కు' అన్న మన పాత ముగ్గు అడ్డురాదు. ఉన్న గీతే కనిపిస్తుంది.

* వారానికి ఒకే తప్పు మీద పని చేయండి. ఈ వారం చెవులు, పై వారం మెడ.

* తప్పు చెప్పే మనిషిని ఒక్కరినైనా సంపాదించుకోండి. చెప్పినప్పుడు "కాదు, నేనెందుకలా వేశానంటే..." అని మొదలుపెట్టకండి. విని, మర్నాడు వేసి చూడండి.

మళ్లీ ఆ గోడ దగ్గర

2024లో ఒకరోజు పిన్నిగారింటికి వెళ్లాను. "బాబాయిగారిది ఇంకోసారి వేస్తాను పిన్నీ" అన్నాను. ఆవిడ మొహమాటపడ్డారు. "ఉందిగా అమ్మా" అన్నారు. "అది ఆయన కాదు పిన్నీ, నాకు తెలుసు" అన్నాను. అప్పుడు ఆవిడ కూర్చున్నారు.

ఈసారి నేను పెన్సిలు తీయకుండా అడిగాను. "బాబాయిగారిని తలుచుకోగానే మీకేం కనపడుతుంది?" ఆవిడ గబగబా చెప్పుకుపోయారు. మాట్లాడబోయే ముందు తల కుడివైపు వాల్చేవారట. నవ్వితే ఎడమ కన్ను ఎక్కువ మూసుకునేదట. ఆధార్ కార్డులో ఇవేమీ లేవు. పెళ్లి ఫొటోలో వెతికితే తల వాలు కనపడింది.

నీడలు వేయకుండా ఒట్టి గీతల బొమ్మ తీసుకెళ్లి చూపించాను. "గడ్డం ఇంత నిండుగా ఉండేది కాదు" అన్నారు. సరిచేసి మళ్లీ తీసుకెళ్లాను. మూడోసారి చాలాసేపు చూశారు. నా గుండె దడదడలాడింది. "చెవులు ఇంకొంచెం పెద్దవే" అంటూ ఫక్కున నవ్వేశారు. "మనవల్ని నవ్వించడానికి కదిలించేవారు తెలుసా, చెవులు!" అని, నవ్వుతూనే కొంగుతో కళ్లొత్తుకున్నారు. అక్కడే, వాళ్ల అరుగు మీద కూర్చుని చెవులు దిద్దాను.

ఇప్పుడు దండ ఆ బొమ్మకే వేస్తున్నారు. నోటి దగ్గర ఇంకా ఏదో తేడా ఉంది. నాకూ తెలుసు, పిన్నిగారికీ తెలుసు. ఈసారి మాత్రం ఆవిడ "బాగుంది" అనలేదు. "నోరు కూడా ఎప్పుడో కుదురుతుందిలే" అన్నారు.

నిన్నటి కాగితం మీద నిన్నటి తేదీ ఉంది. ఇవాళ్టిది ఇంకా వేయాలి. గిన్నెలు కడగడం అయింది. అత్తయ్య సీరియల్ మొదలయ్యే వేళయింది. మరి మీరో?